కందనవోలు సీమలో జీవకోటి వర్గీకరణ చరిత్ర

కందనవోలను పాతపేరుగల కర్నూలు నగరమునకు నైరుతిదిశను, హంద్రీనది చెంత వెలసిన కోడుమూరు మెట్టసీమలోని ఊరు. వానకాలమున కొలది దినములు ఎఱ్ఱని నీటితో పొంగి, తక్కిన సంవత్సరములో అధికభాగము ఇసుకమేటలతోనే కనబడు ఆ యేటి గట్టున తుమ్మయు వేపయు రేగును, ఇరువైపుల చేలలో జొన్నయు కొర్రయు పత్తియు కందియు, బీళ్లలో తంగేడును ఉత్తరేణియు పల్లేరును పెరుగుచుండును. దట్టమైన అడవులు లేవు. ప్రకృతిశాస్త్ర పండితులు పరుగెత్తి వచ్చి చూడదగిన వింతలేవియు పైకి కనబడవు. అయినను జీవులను గుర్తించి, వేరుచేసి, పేరుపెట్టి, ఒకదానితో నొకదానికి గల సంబంధమును నిర్ణయించు విద్య ఎట్లు పుట్టి ఎట్లు పెరిగినదో తెలిసికొనగోరువానికి ఈ సీమ చరిత్రము చాలినంత సామగ్రి నిచ్చును. బ్రదుకుతెరువునకై జీవులను వేరుచేయుట మొదటిదశ, రూపసామ్యమునుబట్టి కూర్చుట రెండవదశ, వంశసంబంధమునుబట్టి నిలుపుట మూడవదశ. ఈ మూడును కోడుమూరు మొదలుకొని కడప కొండలవరకు గల భూభాగమున తమ గుర్తులను విడిచినవి.

వీనిలో మొదటిది లిపికంటెను ప్రాచీనము. ఏ ఆకు మేకకు హితమో, ఏది చేటో ఎరుగని కాపరికి మంద నిలువదు. ఏ పైరు ముంగారునకు తగునో, ఏది హింగారునకు తగునో, నల్లరేగడిలో పండున దేదో, ఎఱ్ఱనేలలో పండున దేదో తెలియని సేద్యగానికి గింజ ఇల్లు చేరదు. నీరు చాలక వాడిపోయిన లేతజొన్న మేసిన పశువు చచ్చునని రైతు తన అనుభవముచేత నెరిగి, ఎండుదారి పట్టిన చేనిలోనికి ఎద్దును పోనీయడు. ఆ లేత పైరున విషద్రవ్యమగు సయనైడు పుట్టునని రసాయనశాస్త్రము చెప్పినది చాలకాలమునకు తరువాత. జెర్రిపోతునకును త్రాచునకును గల భేదమును పొలములో తిరుగు బాలుడు సైతము దూరమునుండియే పోల్చగలడు. ఇది శాస్త్రము కాదని త్రోసివేయరాదు. పరిశీలన, పోలిక, పరీక్ష, జ్ఞాపకము అను నాలుగంగములును ఇందు కలవు. దీనికి గల పరిమితి ఒక్కటే: ఈ జ్ఞానము ప్రయోజనమునకు కట్టుబడినది. మనుష్యునకుగాని పశువునకుగాని పనికిరాని మొక్కను, హాని చేయని పురుగును అది తరచుగా పట్టించుకొనదు; మఱియు ఒక ఊరి పేరు పది ఆమడల దూరమున మరొక మొక్కకు చెల్లును.

ఈ లోపమును కొంతవరకు పూరించినవి నిఘంటువులు. 1823లో బళ్లారి కలెక్టరగు ఏ. డి. కాంబెల్ తన జిల్లాలోని చదువులనుగూర్చి మద్రాసు ప్రభుత్వమునకు ఒక నివేదిక పంపెను. కోడుమూరికి పడమట నున్న ఆదోని నాడు ఆ జిల్లాలోనిదే. అప్పటికి జిల్లాయంతటను 533 బడులును, వానిలో 6,641 మంది విద్యార్థులును ఉండిరని ఆయన లెక్క చెప్పెను. బాలురు చదువు పుస్తకములలో అమరమును, ఆంధ్రనామసంగ్రహమును పేర్కొనెను. అమరసింహుని కోశమున రెండవ కాండమందు వనౌషధులకు ఒక వర్గము, సింహాది మృగపక్షులకు వేరొక వర్గము కలవు. పైడిపాటి లక్ష్మణకవి రచించిన ఆంధ్రనామసంగ్రహము తెలుగు పదములను దేవవర్గు, మానవవర్గు, స్థావరవర్గు, తిర్యగ్వర్గు, నానార్థవర్గు అని ఐదుగా విభజించినది. ఇసుకలో అక్షరములు దిద్దిన బాలుడు ఆ పద్యములను వల్లెవేయుచు, ప్రపంచములోని వస్తుజాలమంతయు కలగాపులగముగా పడియుండలేదనియు, దానిని వర్గములుగా కూర్పవచ్చుననియు తెలియకుండగనే నేర్చుకొనుచుండెను.

జీవులు పుట్టు విధమునుబట్టి చేసిన విభాగము ఇంతకంటె లోతైనది. మావిచే కప్పబడి పుట్టునవి జరాయుజములు, గ్రుడ్డునుండి పుట్టునవి అండజములు, చెమటనుండియు తేమనుండియు పుట్టునని తలపబడినవి స్వేదజములు, నేలను చీల్చుకొని పుట్టునవి ఉద్భిజ్జములు. చరకసంహిత ఉద్భిజ్జములను మరల వనస్పతి, వానస్పత్యము, వీరుధము, ఓషధి అని నాలుగు తెరగుల చేసినది: పూవు కనబడక కాయు నవి, పూచి కాయు నవి, తీగలై ప్రాకునవి, పండుటతోనే నశించునవి. మఱ్ఱిచెట్టును మొదటి తెగలోను, మామిడిని రెండవ తెగలోను, జొన్నకొర్రలను నాలుగవ తెగలోను మనవారు చూచుకొనిరి. ఇందలి స్వేదజ భావమును శాస్త్రము నేడు అంగీకరింపదు; 1862 నాటికి లూయీ పాశ్చరు చేసిన ప్రయోగములచేత జీవము జీవమునుండియే పుట్టునని తేలినది. స్థావర శబ్దముచేత కొండను చెట్టును ఒకచో చేర్చుటయు నేడు చెల్లదు. కదలకున్నను చెట్టు ఊపిరి తీయును, వెలుతురును ఆహారముగా మార్చుకొనును, పెరుగును, తాకిడికి స్పందించును, తన వంటిదానిని కనును. అన్నిటికిని మించి, పశువు దేహమువలెనే కణములచేత కట్టబడియున్నది. ఈ కణసిద్ధాంతమును 1838, 1839 సంవత్సరములలో ష్లైడెన్, ష్వాన్ అను జర్మను పండితులు ప్రతిపాదించిరి. అయినను ఆకారమునుగాక పుట్టుకను వర్గీకరణమునకు ఆధారము చేసికొన్న మన పూర్వుల దృష్టి ప్రశంసింపదగినది.

రెండవ దశకు మూలపురుషుడు స్వీడను దేశీయుడగు కార్ల్ లిన్నేయస్. 1753లో వృక్షములకును, 1758లో జంతువులకును ఆయన ఏర్పరచిన పద్ధతియే నేటికిని లోకమున చెల్లుచున్నది. ప్రతి జీవికిని రెండు పదముల పేరు. మొదటిది ప్రజాతిని, రెండవది జాతిని తెలుపును. తెలుగువాడు తన ఇంటిపేరు ముందుంచి స్వంతపేరు పిమ్మట చెప్పుకొను రీతికి ఇది దగ్గరగా నుండుటచేత మనకు కష్టముగా తోపదు. జాతులు ప్రజాతిగాను, ప్రజాతులు కుటుంబముగాను, కుటుంబములు క్రమముగాను, క్రమములు విభాగముగాను, విభాగములు వర్గముగాను, వర్గములు రాజ్యముగాను చేరి మెట్లు మెట్లుగా పైకి పోవును. పూవులోని కేసరముల సంఖ్యనుబట్టియు అమరికనుబట్టియు లిన్నేయస్ మొక్కలను ఇరువదినాలుగు తరగతులుగా విభజించెను. లెక్కించుట యెరిగినవాడెవడైనను ఉపయోగింపదగిన సాధనమగుటచేత ఆ పద్ధతి ఓడలెక్కి మన తీరమునకు వేగముగనే చేరినది.

దానిని తెచ్చినవాడు లిన్నేయస్ శిష్యుడగు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. 1768లో డేనులకు చెందిన తరంగంబాడికి వైద్యుడుగా వచ్చి, దక్షిణదేశమంతయు తిరిగి మొక్కలు సేకరించి, 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురమున కన్నుమూసెను. కడప కొండల కీర్తికి కారణమగు ఎఱ్ఱచందనమునకు లిన్నేయస్ కుమారుడు టెరోకార్పస్ శాంటాలైనస్ అని పేరిడినది కోనిగ్ పంపిన సామగ్రినిబట్టియే. కోనిగ్‌కు స్నేహితుడగు విలియం రాక్స్‌బరో 1781 నుండి సామర్లకోటలో నుండి తోటలు పెంచుచు, దేశీయ చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించెను. వానిలో ఎంచిన మున్నూరు చిత్రములతో కోరమాండల్ తీరపు మొక్కలనుగూర్చిన ఆయన మహాగ్రంథము 1795 నుండి 1820 వరకు మూడు సంపుటములుగా లండనులో వెలువడెను. ఆ గ్రంథమున మొక్క మొక్కకును తెలుగుపేరును, ఇచ్చటివారు దానిని వాడుకొను విధమును ఆయన శ్రద్ధతో వ్రాసెను. మన మెట్ట అడవులలో పెరుగు సోమిద చెట్టు బెరడు జ్వరమునకు మందని ఇచ్చటివారివలన తెలిసికొని దానిని వైద్యలోకమునకు పరిచయము చేసెను. ఆ చెట్టు ప్రజాతికి తరువాత సోయ్‌మిడా అను పేరే స్థిరపడినది. చండ్ర చెట్టును ఆ పేరుతోనే లాటిను నామావళిలో చేరినది. సీమదేశపు పండితుడు పేరుపెట్టుటకు ముందు, ఆ చెట్టును ఆయనకు చూపి, దాని గుణము చెప్పిన తెలుగువాడొకడు ప్రతిచోటను ఉన్నాడనుటకు ఇంతకంటె ప్రబలమైన సాక్ష్యము అక్కరలేదు.

1800లో నిజాము దత్తమండలములను కుంఫిణీవారికి ఒప్పగించిన పిమ్మటను, 1839లో కర్నూలు నవాబు రాజ్యము వారి వశమైన పిమ్మటను ఈ సీమ కొండలు పండితుల రాకపోకలకు తెరువైనవి. మద్రాసు రాజధాని అటవీశాఖలో పెద్ద అధికారిగా 1860 మొదలు 1882 వరకు పనిచేసిన రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ మొక్కలను, ఫెర్నులను, పాములను, బల్లులను సమానశ్రద్ధతో వెదకినవాడు. తిరుపతి కొండల బండలసందున నుండు బంగారుబల్లిని 1870లో ఆయనయే వర్ణించెను. కడప కొండలలో మాత్రమే పెరుగు పేరీత చెట్టునకు 1883లో ఆయన పేరుమీదుగా సైకస్ బెడ్డోమి అని నామకరణము జరిగినది. చూపునకు చిన్న ఈతచెట్టువలె నుండు ఈ మొక్కకు పూవు లేదు, కాయ లేదు. గింజ కాయలో దాగక ఆకువంటి పొలుసు అంచున బయటనే పుట్టును. కావున దీనిని ఈతతోగాక, వివృతబీజములను ప్రాచీనవర్గమున దేవదారు, సరళవృక్షములతో చేర్పవలసియున్నది. పైరూపమును నమ్మి కూర్చిన వర్గము ఎట్లు మోసపోవునో, సంతానోత్పత్తి అవయవములను చూచి కూర్చిన వర్గము ఎట్లు నిలుచునో పేరీత ఒక్కటియే చాటుచున్నది.

బ్రదికియున్న జీవులేగాక నశించిన జీవులును ఈ సీమనుండి శాస్త్రములో చోటు సంపాదించినవి. కోడుమూరికి ఆగ్నేయమున, బేతంచెర్ల సమీపమున బిల్లసర్గము గుహలు కలవు. సున్నపురాతిలో నీరు యుగయుగములుగా తొలిచిన ఆ బిలములందు ఎముకలు గలవని కాప్టెన్ న్యూబోల్డ్ 1844లో ప్రకటించెను. నలుబదియేండ్లకు భూగర్భశాఖకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఆ తావును మరల వెదకి పట్టుకొనగా, ఆయన కుమారుడు హెన్రీ ఫూట్ పొరలుపొరలుగా త్రవ్వించి ఎముకలను పైకి తీయించెను. రిచర్డ్ లైడెకర్ వానిని పరీక్షించి 1886లో కర్నూలు గుహల జంతుజాలమునుగూర్చి గ్రంథము ప్రకటించెను. అందొక ఖడ్గమృగమునకును, ఒక అడవిపందికిని, ఒక పునుగుపిల్లికిని కర్నూలియెన్సిస్ అను జాతిపదము నొసగెను. నేడు జొన్నచేలు తప్ప కనబడని ఈ మెట్టలలో నొకప్పుడు ఖడ్గమృగము తిరుగునంత నీరును పచ్చికయు ఉండెనని ఆ యెముకలవలన తెలియుచున్నది. ఒక దంతమును, ఒక దవడముక్కను చూచి అది ఏ ప్రజాతిదో చెప్పగలుగుట వర్గీకరణవిద్య ఇచ్చిన బలమే. డార్విను గ్రంథము 1859లో వెలువడుటతో ఆ విద్యకు క్రొత్త అర్థము కలిగియుండెను: పోలికలు యాదృచ్ఛికములు కావు, అవి ఒకే పూర్వజీవినుండి దిగివచ్చిన బంధుత్వమునకు గుర్తులు. ఇదియే మూడవ దశ.

ఆ బంధుత్వమును చూచుటకు గుహలవరకు పోనక్కరలేదు. కోడుమూరు పొలిమేరలో నిలిచిన చాలును. ముంగారున విత్తిన వేరుశనగను, మనవారి మాటలో బుడ్డలను, తీసికొనుడు. ఆకుపంగన పసుపుపచ్చని పూవు ప్రొద్దుపొడుపు వేళకు విచ్చుకొని, నాటి పగలే వాడిపోవును. పిమ్మట అండాశయము క్రింద నొక కాడ సాగి, ఊడవలె నేలవైపు వంగి, మట్టిలో దూరి, అక్కడ కాయగా ఊరును. నేలలో దొరకినంతమాత్రాన అది దుంపకాదు, వేరు కాదు, నిజమైన కాయయే. ఇప్పుడు ప్రక్కసాలులోని కందిపూవును విప్పి చూడుడు: పైన విప్పారిన ధ్వజము, ఇరువైపుల రెండు బాహువులు, క్రింద పడవవంటి ద్రోణి, దానిలో పది కేసరములు, వానిలో తొమ్మిది ఒక కట్టయై యుండ పదవది విడిగా నుండును. వేరుశనగ పూవున కేసరముల కూర్పు కొంత వేరైనను ధ్వజము, బాహువులు, ద్రోణి అట్లే యుండును. దక్షిణామెరికానుండి సముద్రములు దాటివచ్చిన బుడ్డ మన కందికి చుట్టమని పూవు చెప్పుచున్నది. వేళ్లమీద బుడిపెలలో బాక్టీరియములను పోషించి గాలిలోని నత్రజనిని నేలకు చేర్చు గుణము రెంటికిని సమానమై ఆ మాటను దృఢపరచుచున్నది. జొన్నతో కందిని కలిపి విత్తిన రైతు ఆచారమునకు గల కారణములలో నిదియు నొకటి.

గట్టుమీది తంగేటిపూవు ఇట్లుండదు. అయిదు రేకులు ఇంచుమించు సమానములు, పది కేసరములలో మూడు వట్టివి. తుమ్మపూవు మరియొక తీరు. మనము పూవనుకొను పసుపు బంతి అనేక చిన్నపూవుల కూటమి, కనబడునదంతయు కేసరములే. కాని మూటియందును ఫలము చిక్కుడుకాయవంటి కాయయే. కావున వీనినన్నిటిని ఒక్క పెద్ద కుటుంబముగా చేర్చి, పూవునుబట్టి మూడు ఉపకుటుంబములుగా విడదీయుట చిరకాలము సంప్రదాయమై యుండెను. జె. ఎస్. గాంబుల్ ప్రారంభించి సి. ఇ. సి. ఫిషర్ పూర్తిచేసిన మద్రాసు రాజధాని వృక్షసంపద గ్రంథము, 1915 నుండి 1936 వరకు భాగములుగా వెలువడినది, ఈ పద్ధతినే నడపినది. కర్నూలు జిల్లా మొక్కలకు ప్రత్యేకముగా ఒక గ్రంథమును ఆర్. ఆర్. వెంకటరాజు, టి. పుల్లయ్యగారలు 1995లో ప్రకటించిరి. అటుపిమ్మట 2017లో ప్రపంచపు చిక్కుడుజాతి పండితులు జన్యుపదార్థమును పోల్చి చూచి, తుమ్మను తంగేడు చేరిన ఉపకుటుంబమునందే కలిపివేసిరి. తుమ్మకు లిన్నేయస్ పెట్టిన ప్రజాతినామము మిమోసా. తరువాత అది అకేషియా అయ్యెను. ఈ శతాబ్దమున వచేలియా అయినది. హంద్రి ఒడ్డున అది తుమ్మగనే యున్నది.

ఈ మార్పులను చూచి శాస్త్రము నిలకడ లేనిదని తలచుట పొరపాటు. క్రొత్త సాక్ష్యము వచ్చినప్పుడు పాత తీర్పును సవరించుకొనుటయే దాని నిలకడ. పైమెట్టున గల రాజ్యములును ఇట్లే మారినవి. లిన్నేయస్‌కు జీవరాజ్యములు రెండే, మొక్కలును జంతువులును. 1866లో హెకెల్ సూక్ష్మజీవులకై మూడవ రాజ్యమును కల్పించెను. 1969లో విటేకర్ ఐదింటిని ప్రతిపాదించి, తొలకరివానకు దిబ్బలమీద లేచు పుట్టగొడుగును మొక్కలనుండి విడదీసి శిలీంధ్రరాజ్యమున నిలిపెను. 1977 మొదలు కార్ల్ వోస్ జరిపిన పరిశోధనలచేత జీవకోటి యంతయు మూడు మహావిభాగములుగా తోచినది. వానిలో రెండు కంటికి కనబడని ఏకకణజీవులవే.

గ్రంథమునకు గ్రామమును, గ్రామమునకు గ్రంథమును ఎంత అవసరమో తెలుపు వృత్తాంతము ఈ సీమలోనే జరిగినది. మద్రాసు సైన్యములో వైద్యుడగు టి. సి. జెర్డన్ కనుగొన్న ఒక పక్షిని 1848లో బ్లైత్ పండితుడు శాస్త్రరీత్యా వర్ణించెను. 1900 తరువాత అది ఎవరి కంటను పడలేదని గ్రంథములు వ్రాసినవి. నశించినదనియే పలువురు భావించిరి. 1986 జనవరిలో, బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి అన్వేషణకు తోడ్పడిన స్థానికుడగు వేటగాడొకడు కడపజిల్లా సిద్ధవటము ప్రాంతమున రాత్రివేళ దానిని సజీవముగా పట్టితెచ్చెను. మన పల్లెలవారు దానిని కలివికోడి అని పిలుచుచునే యుండిరి. ముండ్లపొదల నడుమ చీకటివేళ తిరుగు ఆ పిట్ట ఉనికి పండితుల లెక్కలో ఎనుబదియారేండ్లు పోయినది, పల్లెలో పోలేదు. ఆ పొదలను కాపాడుటకే తరువాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది.

తెలుగువాడు ఈ శాస్త్రమును తన భాషలో చదువుకొనుట 20వ శతాబ్ది ఆరంభమున బలపడినది. 1906లో కొమఱ్ఱాజు వెంకట లక్ష్మణరావుపంతులుగారు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినప్పుడు వారికి తోడైనవారిలో కర్నూలున పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ముఖ్యులు. మండలి తొలిగ్రంథము వారి రచనయే. ఆ మాలయందే ఆచంట లక్ష్మీపతిగారు జీవశాస్త్రమును తెలుగున రచించిరి. నేడు బడులలో బాలురు వాడు పారిభాషికపదములలో పెక్కింటికి అట్టి తొలిరచనలే త్రోవ చూపినవి.

అయినను ఒక పని మిగిలియున్నది. రాజ్యము, వర్గము, విభాగము, క్రమము అని బాలుడు అప్పజెప్పుచున్నాడు. తన ఊరి బీటిలోని మొక్కను చూపి ఇది దేని చుట్టమని అడిగిన మౌనము వహించుచున్నాడు. మరొకవంక ఆ మొక్క పేరును గుణమును ఎరిగిన కాపరులు, మంత్రసానులు, వృద్ధులగు సేద్యగాండ్రు ఏటేట తగ్గుచున్నారు. కోడుమూరులోను, చుట్టుపట్ల గ్రామములలోను జీవశాస్త్రము బోధించు ఉపాధ్యాయులకు నా విన్నపమిది. వానలు వెలిసిన పిమ్మట ఏటేట పిల్లలను హంద్రి గట్టునకు తీసికొనిపొండు. పూవుతో కూడిన కొమ్మను పాతకాగితముల నడుమ నొత్తి ఆరబెట్టించుడు. దానిప్రక్కన ఊరిలో చెల్లు పేరు, చెప్పినవారి పేరు, దొరకిన తావు, తేదీ, నేల రంగు, వాడుక వ్రాయించి, ఆ పిమ్మటనే కుటుంబమును లాటిను నామమును చేర్పించుడు. పదియేండ్లు నడచినచో అట్టి కట్ట ఏ విశ్వవిద్యాలయమునకును లేని ధనమగును. రాక్స్‌బరో చేసినపని ఇదియే. ఆయనకు లేని సౌకర్యము, మొక్క పేరు తల్లిభాషగా నెరిగియుండుట, మన పిల్లలకు పుట్టుకతోనే ఉన్నది.